కాపీకి అందని నాలుగు అక్షరాలు: పాత ప్లేస్టేషన్ తాళం, దాన్ని తెరిచిన చిప్

మొదటి ప్లేస్టేషన్ గేమ్ డిస్క్‌ని కంప్యూటర్ సీడీ డ్రైవ్‌లో పెడితే ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంటుంది. ఫైళ్లు కనిపిస్తాయి. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఫైల్ రూపంలోని నకలుగా తీసుకుని ఖాళీ సీడీ మీద రాసుకోవచ్చు. అసలు డిస్క్‌లోని డేటానీ కాపీలోని డేటానీ పక్కపక్కన పెట్టి పోల్చినా సాధారణంగా తేడా దొరకదు. అయినా ఆ కాపీని కన్సోల్‌లో పెట్టి మూత వేస్తే, ప్లేస్టేషన్ సీడీ పెట్టమని అడిగి అక్కడే ఆగిపోతుంది.

డేటా అంతా ఒకటే అయినప్పుడు కన్సోల్ దేన్ని చూసి తేడా కనిపెడుతోంది? పాత కన్సోల్‌ని మోడ్ చేయాలనుకునేవాళ్లు, అంటే ఈ తాళం దాటేలా లోపల మార్పులు చేయాలనుకునేవాళ్లు, ముందు తెలుసుకోవాల్సింది ఇదే. వైర్లు ఎక్కడెక్కడ సోల్డర్ చేయాలో చూపించే బొమ్మలు సులువుగా దొరుకుతాయి. కానీ ఆ వైర్లలో ఏం వెళ్తోందో తెలియకుండా పని మొదలుపెడితే, ఒక బోర్డు మీద చక్కగా పనిచేసిన చిప్ ఇంకో బోర్డు మీద ఎందుకు మొరాయిస్తుందో అంతుపట్టదు.

ముందుగా ఒక అపోహ గురించి. ప్లేస్టేషన్ డిస్కుల అడుగు భాగం నల్లగా ఉంటుంది. రహస్యమంతా ఆ నలుపులోనే ఉందని అప్పట్లో చాలామంది నమ్మారు. సీడీ డ్రైవ్ లేజర్ వాడేది 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి. కంటికి నల్లగా కనిపించే ఆ ప్లాస్టిక్ గుండా ఆ కాంతి హాయిగా దూరిపోతుంది. అడుగున నల్లగా ఉండే ఖాళీ సీడీలు వెతికి తెచ్చి కాపీలు రాసినా ఫలితం మారదు. ఆ రంగు అందం కోసం, గుర్తింపు కోసం పనికొచ్చిందే తప్ప రక్షణకి కాదు.

అసలు తాళం ఎక్కడుందో చూడాలంటే సీడీ ఎలా చదవబడుతుందో కొంచెం లోతుగా వెళ్లాలి. సీడీ మీద డేటా అంతా లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ వెళ్లే ఒకే ఒక ట్రాక్‌లో ఉంటుంది. ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. డిస్క్ తిరుగుతున్నప్పుడు ఇంత సన్నని దారి మీద లేజర్ నిలబడాలంటే, ట్రాక్ ఏమాత్రం పక్కకి జరిగినా లెన్స్ కూడా దాంతోపాటు జరగాలి. ఆ పని చూసుకునేది ట్రాకింగ్ సర్వో. దారి ఎటు తప్పింది, ఎంత తప్పింది అని చెప్పే ఎర్రర్ సిగ్నల్ దానికి ఆగకుండా అందుతూ ఉంటుంది. అంటే డిస్క్ నుంచి రెండు రకాల సమాచారం వస్తోందన్నమాట. ఒకటి డేటా, రెండోది ట్రాక్ ఆకారం. మామూలు డ్రైవ్‌కి రెండోదానితో లెన్స్‌ని సరిచేసుకునేంత వరకే పని. ఆ తర్వాత దాన్ని వదిలేస్తుంది, కంప్యూటర్‌కి పంపదు.

సోనీ ఇంజనీర్లు తాళం పెట్టింది సరిగ్గా ఈ వదిలేసే సిగ్నల్‌లోనే. గేమ్ డిస్కుల మాస్టర్ తయారుచేసేటప్పుడు, అన్నిటికంటే లోపల ఉండే లీడ్-ఇన్ భాగంలో ట్రాక్‌ని కావాలనే అటూ ఇటూ కొద్దిగా ఊగేలా చెక్కారు. ఆ ఊపులో నాలుగు అక్షరాలు ఉంటాయి. జపాన్ డిస్కులకి ఎస్‌సీఈఐ, అమెరికా డిస్కులకి ఎస్‌సీఈఏ, యూరప్ డిస్కులకి ఎస్‌సీఈఈ. మొదటి మూడూ సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ పొడి అక్షరాలు, చివరిది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అసలు డిస్కా కాదా అన్న ప్రశ్నకీ, ఏ ప్రాంతానిది అన్న ప్రశ్నకీ ఒకే ముక్కలో జవాబు వచ్చేస్తుంది.

ఈ అక్షరాలు వచ్చే వేగం సెకనుకి 250 బిట్లు. ఒక్కో బిట్‌కి 4 మిల్లీసెకన్లు. సెకనుకి లక్షల బిట్లు చదివే డ్రైవ్‌లో ఇది నత్తనడక. ఒక్కో అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, తర్వాత ఎనిమిది డేటా బిట్లు, చివర రెండు స్టాప్ బిట్లు, మొత్తం 11. ఇంగ్లిష్ 'ఎస్' అక్షరాన్నే తీసుకుంటే, అక్షరాలకి సంఖ్యలు కేటాయించే ఆస్కీ పద్ధతిలో అది 01010011. చివరి నుంచి మొదలుపెట్టి రాస్తే 11001010. సున్నాలని ఒకట్లుగా, ఒకట్లని సున్నాలుగా మారిస్తే 00110101. ముందు ఒక 1, వెనక రెండు సున్నాలు చేరిస్తే 1 00110101 00. ఈ తాళం దాటడానికి కన్సోల్‌లో బిగించే చిప్‌ని మోడ్‌చిప్ అంటారు, దాని ప్రోగ్రామ్ ఏది తెరిచినా ఈ వరస కనిపిస్తుంది. నాలుగు అక్షరాలకీ కలిపి 44 బిట్లు, 176 మిల్లీసెకన్లు. ఒక కన్సోల్ తరం మొత్తానికి కాపలా కాసింది ఇంత చిన్న సందేశం.

సీడీ రైటర్ దీన్ని ఎందుకు రాయలేదు? రైటర్‌కి కంప్యూటర్ పంపేది డేటా మాత్రమే. ట్రాక్‌ని ఎటు ఊపాలో చెప్పే ఆదేశమే ఉండదు. పైగా ఖాళీ సీడీ-ఆర్ మీద ఫ్యాక్టరీలోనే ఒక గాడి వేసి ఉంటుంది. ఆ గాడికి కూడా ఒక ఊపు ఉంటుంది, 22.05 కిలోహెర్ట్జ్ చుట్టూ. డిస్క్ ఎంత వేగంగా తిరగాలో, ఇప్పుడు ఏ చోట రాస్తున్నామో రైటర్‌కి తెలిసేది దాని వల్లే. రాసే లేజర్ ఆ గాడిని పట్టుకుని నడవాల్సిందే, సొంతంగా పక్కకి ఊగలేదు. అందుకే డేటా ఎంత కచ్చితంగా కాపీ అయినా, ఆ నాలుగు అక్షరాలు మాత్రం కొత్త డిస్క్‌లోకి రావు. సోనీ ఇక్కడ సంకేత లిపులూ పెద్ద పెద్ద గణితాలూ ఏమీ వాడలేదు. రాసే యంత్రానికి చేయి అందని చోటు చూసి అక్కడ సంతకం పెట్టింది, అంతే. 1994లో, అంత తక్కువ ఖర్చులో ఇది చాలా తెలివైన ఆలోచన.

బలహీనత కూడా అక్కడే ఉంది. సంతకం ఎప్పుడూ ఒకటే. ప్రతి డిస్క్‌లోనూ అవే అక్షరాలు. కన్సోల్ అడిగే ప్రశ్న మారదు కాబట్టి జవాబూ మారదు. పైగా ఆ జవాబు డిస్క్ నుంచే వచ్చిందా, మధ్యలో ఇంకెవరైనా ఇచ్చారా అని నిర్ధారించుకునే మార్గం లేదు. టికెట్ చూడకుండా "ఏ ఊరు?" అని మాత్రమే అడిగి లోపలికి పంపే గేటు దగ్గర, వెనక నుంచి ఎవరు ఊరి పేరు చెప్పినా సరిపోతుంది.

ఈ ప్రశ్న అడిగేది కన్సోల్ ప్రధాన ప్రాసెసర్ కాదు, సీడీ డ్రైవ్‌ని నడిపే చిన్న కంట్రోలర్. డిస్క్ పెట్టి మూత వేయగానే అది లీడ్-ఇన్‌కి వెళ్లి ఆ అక్షరాలు వెతుకుతుంది. దొరికితే డేటా చదవడానికి ఒప్పుకుంటుంది, లేకపోతే లేదు. పాటల సీడీలకి ఈ పరీక్ష అడ్డు రాదు. ఒకసారి పాసయ్యాక, మూత తెరిచినట్టు తెలిస్తే తప్ప కంట్రోలర్ మళ్లీ అడగదు. మూత తెరిచినట్టు దానికి తెలిసేది ఒక చిన్న స్విచ్ వల్ల. ఆ స్విచ్‌ని ఏదైనా పుల్లతో నొక్కి ఉంచి, ముందు అసలు డిస్క్‌తో పరీక్ష దాటించి, సరైన క్షణంలో కాపీ పెట్టడమే అప్పట్లో ప్రసిద్ధమైన స్వాప్ ట్రిక్. సోల్డరింగ్ అక్కర్లేదు గానీ, తిరుగుతున్న డిస్క్‌ని చేత్తో లాగేస్తే డ్రైవ్ మోటార్‌కీ డిస్క్‌కీ దెబ్బే. దీన్ని ఇప్పుడు ఎవరికీ సిఫారసు చేయకూడదు. ముప్పై ఏళ్ల వయసున్న డ్రైవ్‌లకి ఆ మొరటుతనాన్ని తట్టుకునే ఓపిక లేదు.

మోడ్‌చిప్ చేసేది ఇంకా సూటి పని. ఎక్కువగా వాడింది ఎనిమిది కాళ్లుండే పిక్ రకం మైక్రోకంట్రోలర్. రెండు కాళ్లు కరెంటుకీ గ్రౌండ్‌కీ పోతాయి. ఒక వైరు, డిస్క్ నుంచి వచ్చే ఊపు సిగ్నల్‌ని కంట్రోలర్‌కి చేరకుండా అణచిపెడుతుంది. ఇంకో వైరు, అదే చోట 4 మిల్లీసెకన్లకో బిట్ చొప్పున ఆ 44 బిట్లని పంపుతుంది. మూడు ప్రాంతాల అక్షరాలనీ ఒకదాని తర్వాత ఒకటి పంపితే కన్సోల్ తనకి కావాల్సింది పట్టుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. దాంతో కాపీ డిస్కులే కాదు, వేరే ప్రాంతాల అసలు డిస్కులు కూడా నడుస్తాయి. ఈ రెండో ఉపయోగాన్ని తక్కువ చేసి చూడకూడదు. జపాన్ దాటి బయటికి రాని గేములు ఎన్నో ఉన్నాయి. డబ్బు పెట్టి అసలు డిస్క్ కొనుక్కున్నవాళ్లని కూడా ఈ తాళం దొంగలతో సమానంగా గేటు బయటే నిలబెట్టింది.

మొదటి తరం చిప్‌లకి ఆపే తెలివి లేదు. కన్సోల్ ఆన్‌లో ఉన్నంతసేపూ అక్షరాలు పంపుతూనే ఉండేవి. గేమ్ తయారీదార్లు పట్టుకున్నది ఇక్కడే. అసలు డిస్క్‌లో ఆ అక్షరాలు లీడ్-ఇన్‌లో మాత్రమే ఉండాలి. గేమ్ నడుస్తుండగా లేజర్‌ని మామూలు డేటా భాగంలో ఉంచి, "ఇప్పుడు కూడా అక్షరాలు వినిపిస్తున్నాయా?" అని డ్రైవ్‌ని అడిగితే, నిజాయితీ గల కన్సోల్ లేదంటుంది. చిప్ ఉన్న కన్సోల్ ఔనంటుంది. అలా ఔనన్న చోట గేమ్ ఆగిపోయి, కన్సోల్‌లో మార్పులు చేసి ఉండొచ్చని ఎర్రటి చిహ్నంతో ఒక హెచ్చరిక స్క్రీన్ వచ్చేది. అసలు డిస్క్ పెట్టినా వచ్చేది. దీనికి జవాబుగా వచ్చిన స్టెల్త్ చిప్‌లు మూత స్విచ్‌నీ రీసెట్‌నీ కూడా గమనిస్తూ, డిస్క్ మొదలయ్యేటప్పుడు మాత్రమే అక్షరాలు పంపి తర్వాత మౌనంగా ఉండిపోతాయి. పాత కన్సోల్ కొన్నప్పుడు అందులో ముందే చిప్ ఉండి, కొన్ని గేములు మాత్రమే ఇలా ఆగుతుంటే, అనుమానించాల్సింది ఆ పాత రకం చిప్‌నే.

యూరప్‌లో విడుదలైన కొన్ని గేముల్లో లిబ్‌క్రిప్ట్ అనే మరో పొర ఉంది. డేటాతోపాటు డిస్క్‌లో సబ్‌చానల్ అనే చిన్న సమాచారం నడుస్తుంటుంది. ఇప్పుడు ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నట్టు చోటు చెప్పడం దాని పని. లిబ్‌క్రిప్ట్ గేముల్లో ఎంచుకున్న కొన్ని సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న డేటా ముక్కల) దగ్గర ఈ సమాచారాన్ని కావాలనే తప్పుగా అచ్చువేశారు. ఎక్కడ తప్పుంది, ఎక్కడ లేదు అన్నదాన్ని బట్టి గేమ్ ఒక 16 బిట్ల సంఖ్యని తయారుచేసుకుంటుంది. మామూలు కాపీ ప్రోగ్రాములు సబ్‌చానల్‌ని చదివి దాచవు, రాసేటప్పుడు కొత్తగా, తప్పుల్లేకుండా తయారుచేస్తాయి. ఆ శుభ్రత వల్లే కాపీ దొరికిపోతుంది. మోడ్‌చిప్ ఇక్కడ ఏమీ చేయలేదు. ఎందుకంటే ఈసారి ప్రశ్న అడుగుతున్నది డ్రైవ్ కాదు, గేమ్.

2000లో వచ్చిన స్పైరో: ఇయర్ ఆఫ్ ద డ్రాగన్ దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. గేమ్‌లోని వేర్వేరు భాగాలు ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటూ ఉండేవి. ఎవరైనా ఒక తనిఖీని తీసేస్తే, దాన్ని తీసేశారని ఇంకోటి కనిపెట్టేది. అయినా గేమ్ వెంటనే ఆగేది కాదు. ఆడుతుండగా జోయీ అనే పాత్ర వచ్చి మీరు మార్చిన కాపీ ఆడుతున్నారని చెప్పేది. సేకరించిన గుడ్లు మాయమయ్యేవి. చివరి పోరాటం దగ్గర మళ్లీ మొదటికి తీసుకొచ్చి, దాచుకున్న ఆటని చెరిపేసేది. ఎక్కడ తెగిందో వెంటనే తెలియకపోతే రక్షణని తీసేసి క్రాక్ చేసేవాళ్లకి ప్రతి ప్రయత్నాన్నీ గంటల తరబడి ఆడి చూసుకోవాల్సి వస్తుంది. సరిగ్గా పనిచేసే క్రాక్ రావడానికి రెండు నెలలకి పైగా పట్టింది. ఎప్పటికీ తెగని తాళం చేయాలని గేమ్ తయారుచేసినవాళ్లు అనుకోలేదు. అమ్మకాలు జోరుగా ఉండే మొదటి వారాలు గట్టెక్కితే చాలన్నది లెక్క. ఆ లెక్క ఫలించింది.

అదే కాలంలో పోటీ కంపెనీ సెగా వేసిన దారులు వేరు. 1994లోనే వచ్చిన దాని సాటర్న్ కన్సోల్ డిస్కుల్లో గుర్తు బయటి అంచున ఉంటుంది. సాధారణ రైటర్ రాయలేని ఒక వలయం అది. డ్రైవ్‌ని నడిపే భాగం లోపలి ప్రోగ్రామ్‌ని పూర్తిగా బయటికి తీసి, వీడియో సీడీ కార్డు పెట్టే స్లాట్ ద్వారా గేములు నడిపించిన పరిశోధన బయటపడింది 2016లో.

1998 నవంబరులో జపాన్‌లో విడుదలైన డ్రీమ్‌కాస్ట్‌కి సెగా ఏకంగా జీడీ-రామ్ అనే కొత్త డిస్క్‌నే తెచ్చింది. సుమారు 1 గిగాబైట్ పట్టే ఆ డిస్క్‌లో గేమ్ ఉండే బయటి భాగాన్ని మామూలు సీడీ డ్రైవ్ చదవనే లేదు. కాపీ తీయడమే కష్టం, తీసినా 700 మెగాబైట్ల సీడీలో పట్టదు. కాగితం మీద ఇది ప్లేస్టేషన్ తాళం కన్నా బలమైనది. కానీ దాన్ని ఎవరూ బద్దలు కొట్టాల్సిన అవసరం రాలేదు. పాటలతోపాటు వీడియోలూ మెనూలూ ఉండే మిల్-సీడీ అనే మ్యూజిక్ డిస్కుల కోసం, మామూలు సీడీ నుంచి కూడా ప్రోగ్రామ్ మొదలయ్యే దారిని సెగా స్వయంగా కన్సోల్‌లో ఉంచింది. ఆ ప్రోగ్రామ్‌ని తారుమారు చేసిన క్రమంలో రాసి ఉంచాలన్న నియమం ఒక్కటే అడ్డు. ఆ క్రమం తెలిసిపోయింది. 2000లో ముందు, కాపీని మొదలుపెట్టించే బూట్ డిస్క్ వచ్చింది, ఆ వెంటనే దానంతటదే మొదలయ్యే కాపీలూ వచ్చాయి. వాటికి చిప్ అక్కర్లేదు, కన్సోల్ మూత విప్పక్కర్లేదు. ఆ తర్వాత తయారైన కొన్ని కన్సోళ్లలో మిల్-సీడీని తీసేసినా అప్పటికే ఆలస్యమైంది. వేసిన తాళం ఎంత గట్టిదైనా, పక్కన తెరిచి ఉంచిన తలుపే మొత్తం భద్రతని నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఆ తరంలో లేదు.

ఇక చట్టం సంగతి. ప్లేస్టేషన్ తాళం కాపీ చేయడాన్ని ఆపదు, కాపీని ఆడకుండా మాత్రమే ఆపుతుంది అన్న సాంకేతిక తేడా ఒక దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. మోడ్‌చిప్‌లు అమ్మి బిగించిన వ్యక్తి మీద సోనీ వేసిన కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు 2005 అక్టోబరులో తీర్పు చెప్పింది. అక్కడ హైకోర్టే చివరి మెట్టు. కాపీరైట్ ఉల్లంఘనని నేరుగా ఆపేదే చట్టం చెప్పే రక్షణ సాధనం అవుతుందనీ, కాపీ అప్పటికే జరిగిపోయాక దాన్ని ఆడనివ్వకుండా చేసే ఈ ఏర్పాటు ఆ నిర్వచనంలోకి రాదనీ కోర్టు తేల్చింది. డిస్క్ ఎలా పనిచేస్తుందో న్యాయమూర్తులు ఎంత శ్రద్ధగా అర్థం చేసుకున్నారో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. మరుసటి ఏడాదే అక్కడి చట్టాన్ని సవరించారు. అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏ మొదటి నుంచీ ఇలాంటి సాధనాల అమ్మకం మీద కఠినంగానే ఉంది. మోడ్ చేసే ముందు తాముంటున్న చోట నిబంధన ఏమిటో చూసుకోవాల్సిన బాధ్యత ఎవరికి వారిదే.

ఇప్పుడు పాత ప్లేస్టేషన్‌ని తెరిచేవాళ్లు ముందు చూడాల్సింది బోర్డు మీద అచ్చువేసిన నంబర్. బయట పెట్టె మీది మోడల్ నంబర్ ఒక్కటే చాలదు. పీయూ-22, ఆ తర్వాతి బోర్డుల్లో సోనీ సర్క్యూట్‌ని మార్చింది. పాత బోర్డుల్లో అణచిపెట్టే లైన్‌ని స్థిరంగా కిందకి లాగి ఉంచితే సరిపోయేది. కొత్తవాటిలో అదే పని ఆగకుండా కొట్టుకునే క్లాక్ సిగ్నల్‌కి అనుగుణంగా జరగాలి. పాత చిప్ కొత్త బోర్డు మీద పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం. ఇంకో జాగ్రత్త, ఈ కన్సోల్‌లో పవర్ సప్లై బోర్డు లోపలే ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా దాని పెద్ద కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. అటువైపు చేయి పెట్టకూడదు.

చిప్ బిగించినా సమస్య తీరని సందర్భాలుంటాయి. వేరే ప్రాంతం గేమ్ మొదలవుతుంది గానీ బొమ్మ నలుపు-తెలుపులో వస్తుంది. అది కాపీ రక్షణ కాదు, 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ టీవీ పద్ధతుల మధ్య రంగుల సిగ్నల్ కుదరకపోవడం. ఆర్‌జీబీ కేబుల్ వాడితే చాలావరకు తీరిపోతుంది. అలాగే గేమ్ మధ్యలో వీడియోలు తడబడుతుంటే లేజర్‌ని చూడాలి. మొదటి మోడళ్లలో డ్రైవ్ పవర్ సప్లై పక్కనే వేడిలో ఉండేది, లేజర్ జారే ప్లాస్టిక్ పట్టాలు అరిగిపోయేవి. కన్సోల్‌ని తలకిందులుగా పెట్టి ఆడిన రోజులు ఆ అరుగుదల వల్లే వచ్చాయి.

సోల్డరింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. అమెరికా, యూరప్ కన్సోళ్ల సీడీ కంట్రోలర్‌లో, పరీక్షని దాటవేసే రహస్య ఆదేశాలు సోనీ చేతుల మీదుగానే ఉండిపోయాయి. కొన్ని గేములు సేవ్ ఫైల్‌ని చదివేటప్పుడు చేసే పొరపాటుని వాడుకుని ఆ ఆదేశాలు పంపే టోనీహాక్స్ 2021లో వచ్చింది. మెమరీ కార్డు నుంచే మొదలయ్యే ఫ్రీపీఎస్ఎక్స్‌బూట్ కూడా అదే ఏడాది వచ్చింది. జపాన్ కన్సోళ్లు ఆ ఆదేశాల్ని ఒప్పుకోవు. డ్రైవ్ పూర్తిగా పాడైతే, దాని స్థానంలో ఎస్‌డీ కార్డు నుంచి గేములు అందించే బోర్డులూ దొరుకుతున్నాయి. కొత్త లేజర్లు దొరకడం కష్టమయ్యేకొద్దీ, చివరికి ఎక్కువ కన్సోళ్లని బతికించేవి ఇవే.

వీటన్నిటికీ కావాల్సింది డిస్క్ ఇమేజ్. పాత గేముల్ని భద్రపరిచేవాళ్లు డిస్కులని ఎంతో శ్రద్ధగా ఇమేజ్‌లుగా తీసి, ప్రతి ఫైల్‌కీ చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసుకునే సంఖ్య) రాసి ఉంచుతున్నారు. లిబ్‌క్రిప్ట్ గేమ్ అయితే, సబ్‌చానల్‌లో తప్పుగా ఉన్న సెక్టార్లు ఏవో విడిగా ఒక చిన్న ఫైల్‌లో నమోదు చేస్తారు, లేకపోతే కన్సోల్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌లో కూడా ఆ గేమ్ సరిగ్గా నడవదు. లీడ్-ఇన్‌లోని ఊపుకి మాత్రం ఆ ఇమేజ్‌లో చోటు లేదు. దాన్ని పట్టుకునే సిగ్నల్‌ని కంప్యూటర్ డ్రైవ్ ఇప్పటికీ బయటికి ఇవ్వదు. ఎమ్యులేటర్‌కి అది అవసరమూ లేదు, గేమ్ ఏ ప్రాంతానిదో డిస్క్ మొదట్లో మామూలు డేటాగా రాసి ఉన్న లైసెన్స్ వాక్యం చూసి తెలుసుకుని, ఆ నాలుగు అక్షరాలనీ తనే చెప్పేసుకుంటుంది.